పూత

"పూసింది" అన్నది లసుంబాయి.
అంతే, ఫోను కట్టయింది.
ఏది పూసిందో వినపడలే.

బర్కాలో పొద్దుగాల ఐదున్నర.
కంపెనీ బస్సు కోసం వరుసలో నిలబడి
ఆ ఒక్క మాటను పుక్కిట పట్టుకున్న,
మింగితే అయిపోతదని.

మాఘం గదా, మామిడే అయ్యుంటది.
బోరింగు పక్కన పెట్టిన దసేరి,
ఐదేండ్ల సంది ఆకు తప్ప ఇంకోటి ఎరగనిది.
పూసిందంతా పిందె కాదు, పిందంతా కాయ కాదు,
మంచు కొడితే పూత మాడిపోతది,
ఈ లెక్కలు నాకు రావా?
అయినా బస్సెక్కేలోపే
గంపెడు కాయలు అమ్మేసిన,
చిట్టీ బాకీ ఒకటి తీర్చేసిన.

సీట్ల కూసున్నంక మనసు ఇంకో దిక్కు పోయింది.
పిలగాని నోరు పూసిందేమో.
కారం తగిలితే ఇల్లు పీకి పందిరేస్తడు.
కాదంటే అమ్మ కన్ను.
కంట్లో పువ్వు పూసిందని నిరుడే చెప్పిండ్రు,
తీసెయ్యాలంటే ఇరవై వేలన్నరు.
"పువ్వు తెంపనీకి గింత అడుగుతరారా" అని
అమ్మ నవ్వింది,
నవ్వినప్పుడు కూడ నేను ఏ దిక్కున్ననో తడుముకుంటనే.

మా మాటల్లో పూయనిది ఏముంది?
ఎండకాలం నా అంగీ వీపు మీద ఉప్పు పూస్తది,
రఫీకుల్ దాన్ని జూసి
వాళ్ళ ఊరి నది పటమంటడు.
సముద్రం పక్క ఇండ్లకూ అంతే,
గోడలకు ఉప్పు పూసి రంగు పెచ్చులూడుతది.
గీకుడు, కడుగుడు, మళ్ళ రంగేసుడు,
నా వీసా అంతా ఆ ఉప్పు దయ.
సూపర్‌వైజర్ పని అని
మసిపూసి మారేడుకాయ చేసినోడు
జగిత్యాలల ఇంకా ఆఫీసు నడుపుతనే ఉన్నడు.

ఇయ్యాల ఖర్జూరం తోట ప్రహరీ.
లోపల సాలెం ముసలాయన నడుముకు తాడు చుట్టి
ఆడచెట్టు మీదికి ఎక్కుతున్నడు.
మగచెట్టు పూరెమ్మలు నాలుగు
ఆడగెల నడుమ దూర్చి ఈనెతోటి కట్టిండు.
గాలికి ఇడిసిపెడితే కాదా అని అడిగిన,
వచ్చీరాని అరబ్బీల.
"గాలికి వేరే పనులుంటయి" అన్నడు.

మగచెట్టు ఒక్కటే, తోట మూలకు.
దానికి నీళ్ళ కాలువ కూడ సగమే.
రెమ్మ లోపలికి పోతది,
చెట్టు అక్కడే ఉంటది.
నేను కుంచె ముంచి
గోడ దిక్కు తిరిగిన.

"మీ దాంట్ల దీన్నేమంటరు?"
పూత.
"బూత" అన్నడు సాలెం.
వాళ్ళ నోటికి ప పలకదు.
బూతు కాదు తాతా, పూత, పూత.
"బూత, బూత" అని
చెట్టు మీదికెల్లి తోటంత వినపడేటట్టు అరిచిండు.
అర్థమైనోణ్ణి నేనొక్కణ్ణే గనుక
నేనొక్కణ్ణే సిగ్గుపడ్డ.

రాత్రి రూముల నెట్టు దొరికినంక
లసుంబాయి గొంతు, ఆగి ఆగి:
"అదే జెప్తున్న పొద్దుగాల,
రవళి పూసింది. తలుపుకు.
నువ్వు అటక మీద పెట్టిపోయిన నీలం డబ్బా లేదా,
మూత రాక పారతోని కొట్టి తీసింది.
చేతులకు, గౌనుకు, కోడిపెట్టకు సుత అంటింది.
కొట్టాల్నా, మెచ్చుకోవాల్నా?"

పదకొండేండ్ల సంది ఎవలెవల ఇండ్లకో రంగులేస్తున్న.
పొద్దంత ఒక మాటను ఇన్ని తీర్ల తిప్పిన,
మామిడి, నోరు, కన్ను, ఉప్పు.
అందుల నా పని ఒక్కటే తట్టలే.
నా తలుపు ఏ రంగుదో
ఇప్పుడు యాదికొస్తలేదు.

బటన్ ఒత్తి పట్టుకొని మాట్లాడిన:
"కొట్టకు.
పైకెల్లి కిందికి పూయాలని చెప్పు,
కిందికెల్లి పైకి పూస్తే చారలు పడ్తయి.
బాగ ఆరనియ్యుమను.
రెండో పూతకు తొందరలేదు."

లైటు తీసినంక గుర్తొచ్చింది,
మామిడి సంగతి అడగనే లేదు.